కాణిపాకంలో ప్రమాణం చేసి మందు ఆపేస్తే ఫిట్స్ వచ్చింది. మాన్పించే మాత్రలు వాడొచ్చా?

పూతలపట్టు_కోడలు

అన్నలకూ అక్కలకూ నమస్కారం. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మా మామకు 54 ఏళ్లు. మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీలకు లోడ్లు తోలుతాడు, మిగతా రోజుల్లో పెద్దగా పనుండదు. మొదట్లో సాయంత్రం పూటే తాగేవాడు. ఇప్పుడు పొద్దున పళ్లు తోముకునేలోపే క్వార్టర్ పడాలి. పడకపోతే కాఫీ గ్లాసు చేతిలో నిలవదు, సగం లుంగీ మీదే ఒలికిపోతుంది. 99 రూపాయల క్వార్టర్ వచ్చినాక ఇంక అడ్డూ అదుపూ లేదు.

ఇంట్లో అందరం అనుకుని కాణిపాకం పిల్చుకుపోయి, కోనేట్లో స్నానం చేయించి సామి ముందర ప్రమాణం చేయించాం. ఆయన మాట మీద నిలబడ్డాడు, చుక్క ముట్టలేదు. మరుసటి రోజు అన్నం సయించలేదు, ఒళ్లంతా చెమటలు. ఆ రాత్రి దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుతూనే ఉన్నాడు. చూస్తే ఒక్క చీమ లేదు. తెల్లారుజామున ఫిట్స్ వచ్చి మంచం మీద నుంచి పడిపోయాడు. 108లో ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఇప్పుడు నయం, మనుషుల్ని గుర్తుపడుతున్నాడు.

డిశ్చార్జి చేసేటప్పుడు మళ్లీ తాగాలనిపించకుండా మాత్రలు రాస్తామని డాక్టరు అన్నారు. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అని రెండు పేర్లు చెప్పారు. మా అత్త "సామి ముందర ప్రమాణం చేసినాక మాత్రలేంది, సామిని నమ్మనట్టు కాదా" అంటోంది. మా బావ మాత్రం ఇదంతా దండగ ఖర్చు, డైసల్ఫిరామ్ మాత్ర పొడి చేసి సాంబార్లో కలిపేస్తే తాగగానే వాంతులై నాయనే మానుకుంటాడు అంటున్నాడు. నాకేం తోచడం లేదు. వాడినవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి.

వార్డు_సిస్టర్ (తిరుపతి)

చెల్లీ, ముందు మీ అత్తగారికి ధైర్యం చెప్పు. ప్రమాణంలో దోషం ఏమీ లేదు. రోజూ పొద్దున నుంచే తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే జరిగేదే ఇది.

సారాయి అయినా బ్రాందీ అయినా మెదడును మత్తుగా, నెమ్మదిగా ఉంచుతుంది. ఏళ్ల తరబడి అట్లా ఉంటే మెదడు దాన్ని తట్టుకోవడానికి తన వేగం పెంచుకుంటుంది. మందు ఠక్కున ఆగిపోతే ఆ వేగం మాత్రం ఆగదు. చివరి పెగ్గు తర్వాత ఆరేడు గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేది ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే. ఆ తర్వాత, అంటే 48 నుంచి 96 గంటల మధ్య, కొందరికి మతి పూర్తిగా తప్పుతుంది. జ్వరం, గుండె దడ, లేనివి కనిపించడం, పెళ్లాం పిల్లల్ని కూడా గుర్తుపట్టకపోవడం. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. పల్లెల్లో దీన్ని చూసి గాలి సోకిందనో, సామి పూనాడనో తాయెత్తు కట్టించి రెండు రోజులు పోగొట్టుకుని అప్పుడు మా దగ్గరికి తెస్తారు.

కార్తీకంలో మాల వేసుకునేవాళ్లలోనూ ఇదే చూస్తాం. నల్ల పంచె మీదే స్ట్రెచర్ ఎక్కుతారు. మాల వెయ్యొద్దని నేననను. రోజూ తాగే మనిషి మాల వేసుకోవాలన్నా, ప్రమాణం చెయ్యాలన్నా ముందు డాక్టర్ని కలిసి, క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మాత్రలతో (లిబ్రియం అంటే ఎక్కువమందికి తెలుస్తుంది) నాలుగైదు రోజుల నుంచి వారం లోపల మెల్లగా దిగి, ఆ తర్వాత ముహూర్తం పెట్టుకోవాలి. లివర్ బాగా చెడిపోయినవాళ్లకైతే లోరాజెపామ్ ఇస్తారు.

ఇంకో మాట. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ముందే గ్లూకోజ్ బాటిల్ ఎక్కించేస్తారు. ఏళ్లుగా తాగే మనిషి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయామిన్ చాలాసార్లు తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. థయామిన్ ఇంజెక్షన్ ముందు పడాలి. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి.

మెడికల్_షాపు_పుత్తూరు

డైసల్ఫిరామ్ సంగతి నేను చెప్తాను. నా కౌంటర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి "అన్నా, తెలీకుండా కలిపే మాత్ర ఉందంట కదా" అని అడిగేవాళ్లు నెలకు ఒకరిద్దరైనా ఉంటారు. చీటీ లేకుండా ఇవ్వను. నామీద కోపంతో పక్క షాపుకు పోతారు, అది వేరే కథ.

మందు ఒంట్లో కరిగేటప్పుడు అసిటాల్డిహైడ్ అనే విషం తయారవుతుంది. మామూలుగా లివర్ దాన్ని వెంటనే విరగ్గొట్టేస్తుంది. డైసల్ఫిరామ్ ఆ పని జరగనివ్వదు. ఆ విషం పేరుకుపోయి మొహం ఎర్రబారుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. 1940లలో డెన్మార్క్‌లో వేరే పని కోసం ఈ మందును పరీక్షిస్తున్న పరిశోధకులు తామే మింగి, తర్వాత మందు తాగి ఇబ్బంది పడ్డప్పుడు ఈ గుణం బయటపడింది.

తెలిసి వేసుకునే మనిషికి ఇది మంచి కాపలా. భార్య చేత్తో పొద్దున్నే ఇస్తే, ఆ రోజుకు తాగే ఆలోచనే రాదు. తెలియని మనిషికి ఇది విషప్రయోగం కిందే లెక్క. ఏం జరుగుతోందో తెలియక "ఈ సరుకు బాగాలేదు" అని ఇంకో సీసా తెప్పించుకుని తాగుతాడు. గుండె జబ్బు ఉన్నవాడైతే అక్కడే పోతాడు. చివరిసారి తాగిన 12 గంటల లోపల ఈ మాత్ర వెయ్యకూడదు. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఒంట్లో దీని ప్రభావం ఉంటుంది. కొన్ని దగ్గు సిరప్పుల్లో ఆల్కహాల్ ఉంటుంది, వాటితో కూడా రియాక్షన్ వస్తుంది.

మీ బావగారికి ఈ పోస్టు చూపించండి.

పూతలపట్టు_కోడలు

చూపించాను అన్నా. మామకు షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. బావ ఇంకేం మాట్లాడలేదు, ఫోన్ నా చేతికిచ్చి టీకి వెళ్లిపోయాడు.

కోర్లగుంట_బాబు (తిరుపతి)

అక్కా, నేను నాల్ట్రెక్సోన్ వాడిన మనిషిని, ఇప్పటికీ వాడుతున్నాను. హోటల్ లైన్లో పని. పని అయ్యేసరికి అర్ధరాత్రి, పక్కనే బారు. ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

50 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకు ఒకటి, టిఫిన్ తర్వాత. మొదటి వారం కడుపులో తిప్పింది, తల బరువుగా ఉండేది. ఇడ్లీ తిన్నాక వేసుకుంటే కొంచెం నయం. డైసల్ఫిరామ్ లాగా ఇది భయపెట్టదు. తాగితే వాంతులు రావు. తాగినా ఆ "ఆహా" అనేది రాదు. నాకైతే ఎట్లా అనిపించిందంటే, పని అయిపోయి షట్టర్ దించేటప్పుడు కాళ్లు వాటంతట అవే బారు వైపు తిరిగేవి కదా, అవి నెమ్మదిగా బండి స్టాండు వైపు తిరగడం మొదలుపెట్టాయి. మధ్యలో ఒకసారి ఫ్రెండు పెళ్లిలో తాగాను కూడా. రెండు పెగ్గుల దగ్గర ఆపేశాను. ముందైతే ఫుల్లు అయ్యేదాకా లేచే ప్రశ్నే లేదు.

మొదలుపెట్టే ముందు లివర్ టెస్ట్ చేయించారు, మధ్యమధ్యలో మళ్లీ చేయిస్తారు. నాల్ట్రెక్సోన్ వేసుకుంటున్నట్టు ఒక చీటీ పర్సులో పెట్టుకోమన్నారు. ఎందుకంటే యాక్సిడెంటో ఆపరేషనో అయితే మార్ఫిన్, ట్రామడాల్ లాంటి నొప్పి మందులు మనకు పనిచెయ్యవు. డాక్టర్లకు ఆ సంగతి ముందే తెలియాలి.

మాత్ర ఒక్కటే చాలదు. నేను కౌన్సెలింగ్‌కి కూడా పోతాను, అది మానేసిన నెలలో మళ్లీ బారు గుర్తొచ్చింది.

చంద్రగిరి_మాస్టారు

అందరి అనుభవాన్నీ గౌరవిస్తాను. కానీ నాకు ఒక సందేహం. ఒక మత్తు మాన్పించడానికి ఇంకో మాత్ర, ఆ మాత్ర ఏళ్ల తరబడి. ఇది బాగుపడటం ఎలా అవుతుంది? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద పడ్డప్పుడు ఏ మాత్రలు ఉన్నాయి? వాళ్ల పట్టుదలకే 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది. మనిషిలో సంకల్పం ఉండాలి గానీ ఈ మాత్రల మీద ఆధారపడటం నాకు నచ్చదు. పాఠశాలలో ముప్ఫై ఏళ్లు చూసినవాణ్ని, తండ్రి తాగుడు వల్ల చదువు మానేసిన పిల్లలు నాకు కొత్త కాదు. అందుకే అడుగుతున్నాను, వాదనకు కాదు.

వార్డు_సిస్టర్

మాస్టారూ, మీరు చెప్పిన నిషేధం 1997లో సడలిపోయింది కూడా. దుకాణం మూసినా తెరిచినా, తాగుడుకు అలవాటుపడ్డ ఒంటికి చికిత్స కావాల్సిందే. పూతలపట్టు పెద్దాయనకు సంకల్పం లేదంటారా? ప్రమాణం నిలబెట్టుకునే కదా ఆస్పత్రి దాకా పోయాడు.

రేణిగుంట_లారీ

మందు గురించి మాట్లాడుకుంటున్నారు, మాత్రల మత్తు గురించి కూడా ఇక్కడే అడగొచ్చా?

మా తమ్ముడు లారీ డ్రైవరు. నడుము నొప్పికని ఎవరో టాపెంటడాల్ అలవాటు చేశారు. నొప్పి పోయింది, నిద్ర రాకుండా రాత్రంతా బండి తోలగలిగాడు. ఏడాది తిరిగేసరికి ఒక స్ట్రిప్పు ఒక పూటకు చాలేది కాదు. వేసుకోకపోతే ముక్కు కారడం, విరేచనాలు, ఎముకలు విరిచినట్టు నొప్పులు. ఆవలింతలు మాత్రం ఆగేవే కావు.

ఒక ప్రైవేటు సెంటర్లో చేర్పించాం. ఊరు, పేరు వద్దులెండి. మూడు నెలలకు డబ్బు ముందే కట్టించుకున్నారు. అక్కడ డాక్టరే లేడని తర్వాత తెలిసింది. గదిలో పెట్టి తాళం, ఎదురు తిరిగితే దెబ్బలు. మత్తు దిగింది, నిజమే. బయటికొచ్చి కొన్నాళ్లు బాగానే ఉన్నాడు. తర్వాత ఒకరోజు పాత స్నేహితులతో కూర్చుని పాత లెక్కలోనే వేసుకున్నాడు. పెదాలు నీలంగా అయిపోయి గురక పెడుతూ పడున్నాడు. అదృష్టం కొద్దీ టైముకు ఆస్పత్రికి చేరాం.

ఇప్పుడు వేరే డాక్టరు నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మొదలుపెడదాం అంటున్నారు. అది కూడా మత్తుమందు జాతిదే అని విన్నాను. మాస్టారు అడిగిన ప్రశ్నే నాదీ. మళ్లీ అదే గొయ్యిలో వేస్తున్నామా?

సైకియాట్రీ_పీజీ

లారీ అన్నా, మీ తమ్ముడికి జరిగింది ఒకసారి చూద్దాం. ఓపియాయిడ్లు (టాపెంటడాల్, మార్ఫిన్ లాంటి నల్లమందు జాతి మందులు) రోజూ వాడే ఒంటికి తట్టుకునే శక్తి పెరుగుతుంది. కొన్ని వారాలు ఆపితే ఆ శక్తి పోతుంది, ఆశ మాత్రం పోదు. అప్పుడు పాత మోతాదు వేసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. సెంటర్ నుంచో జైలు నుంచో బయటికొచ్చిన మొదటి రోజుల్లోనే ఎక్కువమంది చనిపోయేది ఇందుకే. ఒంట్లోంచి మత్తు దించేసి, తర్వాత ఏ మందూ లేకుండా ఇంటికి పంపడం ఓపియాయిడ్ల విషయంలో ప్రమాదకరమైన పద్ధతి. గురక పెడుతూ నీలంగా మారినవాళ్లకు ఆస్పత్రిలో ఇచ్చే విరుగుడు నలాక్సోన్.

బుప్రెనార్ఫిన్ ఓపియాయిడే, దాచేదేం లేదు. కానీ మెదడులో ఈ మందులు పనిచేసే చోటు ఒక తలుపు అనుకోండి, ఇది దాన్ని సగమే తెరుస్తుంది. వణుకు, నొప్పులు, ఆశ ఆగడానికి ఆ సగం సరిపోతుంది. మోతాదు పెంచుకుంటూ పోయినా ఒక స్థాయి దాటాక దాని ప్రభావం పెరగదు కాబట్టి ఊపిరి ఆగే ప్రమాదం చాలా తక్కువ. అయితే మందు తాగినా, నిద్రమాత్రలు కలిపినా ఈ లెక్క తప్పుతుంది, అది గట్టిగా చెప్పండి. అది తలుపు దగ్గరే గట్టిగా కూర్చుంటుంది, పైన ఇంకేం వేసుకున్నా పెద్దగా ఎక్కదు. మనిషి పొద్దున లేచి పనికి పోగలడు. మాత్ర కోసం దొంగతనం చెయ్యడు, అప్పు చెయ్యడు. అలవాటుకూ చికిత్సకూ నేను చూసే తేడా అది.

చాలాచోట్ల బుప్రెనార్ఫిన్‌తో పాటు నలాక్సోన్ కలిపిన మాత్ర ఇస్తారు. నాలుక కింద పెట్టుకుంటే నలాక్సోన్ దాదాపు ఒంటికి పట్టదు. కరిగించి సూదితో ఎక్కించుకుంటే మాత్రం అది పనిచేసి ఒళ్లు నొప్పులు తన్నుకొస్తాయి. దుర్వినియోగం ఆపడానికే ఆ ఏర్పాటు. మింగితే పనిచెయ్యదు, పూర్తిగా కరిగేదాకా మాట్లాడకుండా, ఉమ్మకుండా ఉండాలి.

మొదటి మోతాదు ఎప్పుడు వెయ్యాలన్నది ముఖ్యం. టాపెంటడాల్ ఒంట్లో ఉండగానే వేస్తే పాత మందును తోసేసి ఒక్కసారిగా నరకం చూపిస్తుంది. అందుకే ఆవలింతలు, ముక్కు కారడం మొదలయ్యేదాకా ఆగమంటారు. కోర్లగుంట బాబు వాడే నాల్ట్రెక్సోన్ ఓపియాయిడ్లకు కూడా వాడతారు, కానీ దానికి కనీసం వారం పది రోజులు ఒంట్లో ఏ ఓపియాయిడూ ఉండకూడదు.

ఇది మామూలు మందుల షాపులో దొరకదు, దొరికినా అక్కడ కొనకండి. గుర్తింపు ఉన్న డీ-అడిక్షన్ సెంటర్లలో, సూదులు వాడేవాళ్లకైతే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) వాళ్ల, మత్తుకు బదులు ఇలాంటి మందు ఇచ్చే ఓఎస్‌టీ కేంద్రాల్లో ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే మెథడోన్‌ను, బుప్రెనార్ఫిన్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

చంద్రగిరి_మాస్టారు

వివరంగా చెప్పావు నాయనా. ఒక్కటి అడుగుతాను. ఎప్పటిదాకా?

సైకియాట్రీ_పీజీ

మందు మాన్పించే మాత్రలైతే సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది, అవసరమైతే ఇంకా ఎక్కువ. బుప్రెనార్ఫిన్‌కు గడువు పెట్టకూడదు మాస్టారూ. కొందరు రెండేళ్లకు మెల్లగా తగ్గించుకుంటూ బయటపడతారు, కొందరు చాలా ఏళ్లు వాడతారు. తొందరపడి ఆపినవాళ్లే మళ్లీ మా ఓపీలో కనిపిస్తారు. అసలు బాధ అది కాదు. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. మందుకు పూర్తిగా బానిసైనవాళ్లు 38 మంది ఉంటే, వాళ్లలో ఏదో ఒక చికిత్స అందింది ఒక్కరికే. మాత్రలు ఎక్కువైపోయాయని బాధపడే పరిస్థితి మనకింకా రాలేదు.

చంద్రగిరి_మాస్టారు

లెక్క ఒప్పుకుంటున్నాను. గడువు లేదన్న మాట మాత్రం ఇంకా మింగుడు పడలేదు. ఆలోచిస్తాను.

చిత్తూరు_బార్

రేణిగుంట తమ్ముడి సెంటర్ గురించి లాయర్‌గా నాలుగు మాటలు. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్, 2017 ప్రకారం మందు, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి. అంటే ఇలాంటి చికిత్సాలయాలకు రిజిస్ట్రేషన్ ఉండాలి. గొలుసులతో కట్టెయ్యడాన్ని 95వ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. మనిషి ఇష్టం లేకుండా చేర్పించాలంటే 89వ సెక్షన్ కింద డాక్టర్ల పరీక్ష ఉండాలి, మొదటి విడత 30 రోజులకు మించకూడదు. "మూడు నెలల ప్యాకేజీ" అని ముందే తాళం వేసేవాళ్ల దగ్గర రిజిస్ట్రేషన్ కాగితం అడగండి. చూపించకపోతే వెనక్కి తిరగండి. అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం మామూలు జబ్బుల లాగే మానసిక అనారోగ్యానికీ ఇన్సూరెన్స్ ఇవ్వాలి. మీ పాలసీ కాగితాలు ఒకసారి తిరగెయ్యండి.

చికిత్సకు పోతే పోలీసులు పట్టుకుంటారని భయపడేవాళ్లు ఉంటారు. వాడకం కేసు, లేదా చిన్న మోతాదు కేసు ఉన్నవాళ్లు తమంతట తాము గుర్తింపు పొందిన చోట చికిత్సకు వస్తే ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ట్రామడాల్ కూడా 2018 నుంచి ఆ చట్టం కిందికే వచ్చింది, అది తెలియక జేబులో పెట్టుకు తిరిగేవాళ్లు చాలామంది.

జాతర_కుర్రోడు

పెద్దలందరూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. నేను డైసల్ఫిరామ్ మీద ఉన్నా. గంగమ్మ జాతరకు ఆ రోజు ఒక్కటి మాత్ర మానేసి కొంచెం తాగొచ్చా? వేషం వేసే బ్యాచ్ అంతా తాగుతుంది, ఒక్కణ్నే ఎట్లా ఉండేది?

మెడికల్_షాపు_పుత్తూరు

పైన నేను రాసింది మళ్లీ చదువు తమ్ముడూ. రెండు వారాలు. ఒక్కరోజు మానేస్తే ఏం లాభం లేదు, వేషంతోనే అంబులెన్స్ ఎక్కుతావు.

కోర్లగుంట_బాబు

తమ్ముడూ, జాతరకు రా, నా దగ్గరికి రా. నేనూ తాగను. బండ వేషాలు చూసి, పొంగలి తిని, అమ్మవారికి దండం పెట్టుకుని పది గంటలకల్లా ఇంటికి పోదాం. బ్యాచ్ ఫోన్ చేస్తే ఎత్తొద్దు. పక్కరోజు వాళ్లకు తలనొప్పి ఉంటుంది, నీకు ఉండదు.

రేణిగుంట_లారీ

పీజీ గారికి, లాయర్ గారికి థ్యాంక్స్. తమ్ముడు ఒప్పుకున్నాడు. ఎక్కడికి పోవాలో ఎవరన్నా చెప్పండి. వేలూరు దగ్గరా, బెంగళూరు దగ్గరా?

వార్డు_సిస్టర్

మొదట మన తిరుపతి రుయా ఆస్పత్రి సైకియాట్రీ ఓపీలో చూపించండి, బుప్రెనార్ఫిన్ ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లే దారి చూపిస్తారు. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ మానసిక వైద్య విభాగం బాగాయంలో ఉంది, బెంగళూరు నిమ్హాన్స్‌లో ఈ జబ్బులకే సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ ఉంది. అయితే తరచూ వెళ్లాల్సిన చికిత్స ఇది, దూరం పోతే మధ్యలో ఆగిపోతుంది. దగ్గర్లో కుదిరితే దగ్గరే మేలు. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలీ-మానస్ 14416, మత్తు విషయాలకు 14446. రెండూ ఫ్రీ.

పూతలపట్టు_కోడలు

మామ రేపు డిశ్చార్జి. లివర్ రిపోర్టు బాగాలేదని నాల్ట్రెక్సోన్ వద్దన్నారు. కిడ్నీ టెస్టు బాగుంది కాబట్టి అకాంప్రోసేట్ రాశారు. అది లివర్ మీద భారం వెయ్యకుండా కిడ్నీల గుండా బయటికి పోతుందంట. 333 మిల్లీగ్రాములవి పూటకు రెండు, మూడు పూటలా. మామ ఆ లెక్క విని "షుగరువి, బీపీవి, ఇవి, ఇంక అన్నం ఎందుకు, ఇవే తింటా" అన్నాడు. నవ్వాడు కాబట్టి పర్వాలేదు అనుకున్నాం.

అత్తకు డాక్టరుతోనే చెప్పించాను. మాత్రలు మింగడం ప్రమాణం తప్పడం కాదని ఆయన చెప్తే తల ఊపింది గానీ, ఇంటికొచ్చి మాత్రల పొట్లం దేవుడి గూట్లో పెట్టింది. అక్కడే పెట్టాలంట. సరే అన్నాను, తడి తగలకుండా డబ్బాలో వేసి పెట్టాను. ఏ పూటకు వేశామో క్యాలెండర్ మీద బావ టిక్కు పెడతానన్నాడు. చూడాలి.

ఒక్క సమస్య. ఈ మందు మా ఊళ్లో ఏ షాపులోనూ లేదు. ఆస్పత్రిలో వారానికే ఇచ్చారు.

మెడికల్_షాపు_పుత్తూరు

పల్లె షాపుల్లో ఇది కదలదమ్మా, అందుకే ఎవరూ స్టాక్ పెట్టరు. చీటీ ఫోటో తీసి చిత్తూరులో పెద్ద షాపుకు పంపండి, ముందు రోజు చెప్తే తెప్పిస్తారు. రోజుకు ఆరు అంటే నెలకు 180. ఒకేసారి నెలకు సరిపడా తీసుకోండి, వారం మిగిలుండగానే మళ్లీ ఆర్డర్ పెట్టండి. కంపెనీ పేరు మారినా కంగారు పడొద్దు, చీటీలో అకాంప్రోసేట్ 333 అని ఉందో లేదో చూసుకుంటే చాలు. ఉన్నదున్నట్టే మింగాలి, విరవకూడదు, పొడి చెయ్యకూడదు. మీ బావగారికి ఈ ఆఖరి మాట ప్రత్యేకంగా చెప్పండి.